ఫ్యాన్ల కొండ మీద కుడి, ఎడమ

మొదట పోయినవి చెబుతాను. వెనక చక్రం ట్యూబు ఒకటి. నీళ్ల సీసా ఒకటి, నిండుగా ఉన్నదే. శెనక్కాయలు బెల్లం కలిపి కట్టిన ఉంటలు పద్దెనిమిది, వాటిని పెట్టుకున్న స్టీలు డబ్బాతో సహా. డబ్బా తర్వాత దొరికింది కాబట్టి దాన్ని కొట్టేయవచ్చు. నా కళ్ళజోడుకు ఒక పక్క కాడ. చైనుకు వేసే నూనె డబ్బీ. నా భార్య చెప్పులు ఒక జత. అందులో ఒకటి దానంతట అది పోయింది, రెండోది ఆమే పారేసింది. దారి విషయంలో నా లెక్క తప్పదని పెళ్ళయినప్పటి నుంచి ఆమెకున్న నమ్మకం. ఇది తూకానికి వచ్చేది కాదు గనుక చివర చేర్చాను.

ఇవన్నీ ఒకే ఆదివారం, ఒకే కొండ మీద పోయాయి. ఆ ఆదివారాన్ని ఎవరైనా తిరిగి ఇస్తామంటే, ఇంకో జత చెప్పులూ ఇంకో డబ్బా ఉంటలూ కట్టుకొని ఇప్పుడే బయల్దేరతాను.

నేను చింతపండు మండీలో కాటా దగ్గర తూకాలు రాస్తాను. పదో తరగతి లెక్కల్లోనే తప్పాను. ఆ తర్వాత మూటలు దిగుతుంటే, తరుగు తీస్తుంటే, వినీ చూసీ లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. సీజను ఎండలతో మొదలై వానలతో ముగుస్తుంది. మిగతా నెలల్లో మండీ షట్టరు సగమే లేస్తుంది. అలాంటి ఖాళీ నెలల్లో బెంగళూరు నుంచి ఊరు మారుతున్న ఒకాయన తన సైకిలు అమ్ముతుంటే తీసుకున్నాను. లావు టైర్లు, సన్నటి ఒళ్ళు. హ్యాండిలు రెండు పక్కలా కిందికి దిగి లోపలికి మెలి తిరిగి ఉంటుంది. పెనుకొండలో మా వీధిలో దాన్ని తొక్కిన మొదటి రోజే అరుగు మీది పెద్దాయన పిలిచాడు.

"ఏమప్పా, పొట్టేలు ఎక్కి పోతాండావే? కుమ్ముతాది, చూసుకో."

అప్పటి నుంచి అది పొట్టేలు సైకిలే.

దాన్ని తొక్కడానికి మా కొండలంత మంచి చోటు ఉందని నాకు అంతకు ముందు తెలియదు. మా సీమ అంటే బీడు, ఎండ, బోర్లు ఎండిపోవడం అనుకుంటారు. కింద నేల మీద అది నిజమే. కొండ ఎక్కితే వేరు. చిట్టడవి, రేల, మోదుగ, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, నెమళ్ళు, ఎప్పుడైనా దూరంగా ఒక ఎలుగుబంటి. ఒకప్పుడు గొర్రెలకూ కట్టెలకు పోయే ఆడవాళ్ళకూ తప్ప పైకి దారి ఉండేది కాదు. తర్వాత కరెంటు తీసే గాలిమరలు వచ్చాయి. మావాళ్ళు వాటిని ఫ్యాన్లు అంటారు. ఒక్కో రెక్క ఒక వీధి పొడుగు. అంత రెక్కను మోసే లారీ కొండ మీద మలుపు తిరగాలంటే రోడ్డు వెడల్పుగా, నిదానంగా తిరగాలి. అందుకని కొండను తొలిచి, ఎర్రటి గరుసు పోసి, రోలరు తొక్కించారు. ఫ్యాన్లు నిలబడ్డాయి, లారీలు వెళ్ళిపోయాయి. రోడ్లు మాత్రం మిగిలాయి. రోజుకొక జీపు వస్తే ఎక్కువ. టైరు కింద గరుసు పొరపొరమంటుంది. పైన ఫ్యాను ఊఁ ఊఁ అంటుంది. రెక్క నీడ రోడ్డుకు అడ్డంగా పోతుంటుంది. ఆ నీడ మన మీద పడకుండా దాటిపోవడం నా భార్య కనిపెట్టిన ఆట. నీడ ఎంతసేపటికి ఒకసారి వస్తుందో నేను లెక్క కట్టి దాటుతాను. ఆమె ఏ లెక్కా లేకుండా దాటుతుంది. ఎక్కువసార్లు తప్పించుకునేది ఆమే.

ఆమె సైకిలు నేర్చుకున్నది నలభై దాటాక, మండీ ఆవరణలోనే. ఆదివారం లారీలు ఉండవు. సీటు పట్టుకొని వెనక పరిగెత్తేవాణ్ణి.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"నిజంగానే పట్టుకున్నావా?"

"పట్టుకున్నా అంటే పట్టుకున్నానే!"

నేను కాటా దగ్గర కూర్చొని జవాబు చెబుతున్నానని ఆమె వెనక్కి తిరిగి చూశాకే తెలిసింది. చూసి, చింతపండు గోతాల మీద పడింది. మెత్తగానే పడింది. లేచి నన్ను తిట్టి, మళ్ళీ ఎక్కింది. బాగా వచ్చాక ఆమెకూ గేర్లున్న సైకిలు ఒకటి తీసుకున్నాం.

ఆమెకు ఆ పట్టుదల ఎందుకో అప్పుడు అడగలేదు. తర్వాత ఆమే చెప్పింది. ఆమె పుట్టింది మడకశిర పక్క, కర్ణాటక గట్టున ఉన్న ఒక పల్లె. అక్కడి బడి ఏడో తరగతి దాకానే. హైస్కూలు కొండకు అవతల ఉంది. మధ్యలో కనుమ. ఆమె గడప నుంచి హైస్కూలు గేటు దాకా పదకొండు కిలోమీటర్లు. మగపిల్లలు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు. ఆడపిల్లలకు సైకిలు నేర్పేవాళ్ళూ లేరు, కనుమ దాటించి పంపేవాళ్ళూ లేరు. ఏడులో తరగతికంతా మొదటగా వచ్చిన ఈమె ఇంట్లో ఆగిపోయింది. రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు మూడేళ్ళు ఆ దారిన పోయి వచ్చాడు. దీన్ని ఆమె ఏడుస్తూ చెప్పలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది.

"మా గడప కాడ ఎక్కాల. ఆ గేటు కాడ దిగాల. నడుమ కాలు కింద పెట్టకూడదు. అంతే."

అంతే అన్నది గాని, అందులో కనుమ ఉంది. తమ్ముడికి ఫోన్ చేస్తే స్పీకరులో వాడి నవ్వు ముందు వచ్చింది.

"అక్కా, బస్సు ఉండాది కదా. యాల ఈ కర్మ నీకు?"

"నువ్వు మూడేండ్లు తొక్కినావు కదరా."

"నేనా? ఎవురు చెప్పినారు? ముంతగుండు కాడ అందరం దిగి తోసుకొనే పోతాంటిమి. దిగకుండా ఎక్కినోడు మా బడిలో ఒక్కడూ లేడు."

"ఐతే ఒకతె ఉంటాది."

"నువ్వు దిగకుండా కనుమ ఎక్కితే నా మీసం తీసి నీ చేతిలో పెడతా."

"మీసం నేనేం చేసుకోవాల? బ్రష్షుకు కూడా పనికిరాదు అది."

ముంతగుండు అంటే కనుమలో ముంత బోర్లించినట్టుండే బండ. దాని పక్కనే దారి నిట్టనిలువుగా లేస్తుంది. ఫ్యాన్ల వాళ్ళు మిగతా దారిని వంపులు తిప్పి తేలిక చేశారు గాని, అక్కడ బండ అడ్డం ఉండి ఏమీ చేయలేకపోయారు.

దారి లెక్క నాది. పెనుకొండ వైపు నుంచి కొండ ఎక్కితే, ఫ్యాన్ల రోడ్డు కొండ వీపు మీదుగానే సాగుతుంది. ఇరవై ఏడు కిలోమీటర్ల దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి కనుమ శిఖరానికి పోయి అక్కడ బడి దారిలో కలుస్తుంది. అక్కడి నుంచి దిగితే ఆమె పల్లె. పదింటికల్లా చేరి, కాఫీ తాగి, చల్లగా ఉండగానే ఆమె గడప దగ్గర ఎక్కి మళ్ళీ కనుమ మీదుగా బడికి పోవాలి. అక్కడ మా బావమరిది పట్టుగూళ్ళు మార్కెట్‌కు వేసే లగేజీ ఆటోలో మమ్మల్నీ సైకిళ్ళనూ ఇంట్లో దించుతాడు. ఇదీ ఏర్పాటు.

సీతాఫలాలు కళ్ళు తెరిచే కాలం. రెండు వానలు పడి కొండ పచ్చగా ఉంది. తెల్లవారగానే బయల్దేరాం. మొదటి ఎక్కుడులోనే నీళ్ల సీసా నా సైకిలు మీద నుంచి ఎగిరి లోయలోకి పోయింది. ఎనిమిదో ఫ్యాను కింద కూర్చొని డబ్బా మూత తీశాం. నేను ఒక ఉంట చేతిలోకి తీసుకొని, దాన్ని నోటి దగ్గరికి తెచ్చేలోపు డబ్బా లేదు. కోతి తీరిగ్గా ఫ్యాను మెట్ల మీద కూర్చొని ఒకటొకటే తింది. పిల్లలకు కూడా పంచింది. ఖాళీ డబ్బాను మా వైపు విసిరింది.

"చూడు, కడగాల్సిన పని పెట్టలేదు," అన్నది నా భార్య.

నా చేతిలో ఉన్న ఉంటను ఇద్దరం సగం చేసుకున్నాం. పద్దెనిమిది పోయాయని చెప్పానే, చేసినవి పంతొమ్మిది.

తర్వాత తుమ్మ ముల్లు. ట్యూబు రెండు చోట్ల చీలింది. ఇంకో ట్యూబు ఉంది గనుక మార్చాను. మారుస్తూ కళ్ళజోడు పక్కన పెట్టి దాని మీదే మోకాలు వేశాను. నూనె డబ్బీ అక్కడే మరిచిపోయాను. ఆ తర్వాత ఒక వాగు అంచున ఆమె ఒంటికాలి మీద ఆగబోయి ఊగింది. ఎడమ కాలి చెప్పు జారి బండల మధ్య ఎక్కడో అడుగున పడింది. వంగి చూసింది, అందదు. రెండో చెప్పు తీసి అదే చోటికి విసిరింది.

"అదెందుకే?"

"ఒకటి దొరికినోడు ఏం చేసుకుంటాడు పాపం? జత ఉంటే తొడుక్కుంటాడు."

వట్టికాళ్ళతో తొక్కడం మొదలుపెట్టింది. పెడళ్ళు గుచ్చుకుంటున్నాయని నా తువ్వాలు చించి చుట్టాను. అంటే తువ్వాలు కూడా పోయినట్టే. పైన చేర్చడం మరిచాను.

చీలిక దగ్గరికి ముందు నేను చేరాను. ఆమె వెనక సీతాఫలాల దగ్గర ఆగింది. "నువ్వు పోయి దోవ అడిగి పెట్టుకో, వస్తా," అన్నది. రెండు దారులూ ఒకేలా ఉన్నాయి. బోర్డు ఉండాల్సిన చోట ఇనుప కంబీ మాత్రం ఉంది. నా లెక్కలో ఎడమ. కాని లెక్క ఉన్నా అడగడం మంచిది కదా అని అక్కడ గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన దగ్గరికి పోయాను. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను రెండు చేతులతో ఎదకు హత్తుకొని నిలబడి ఉన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాది కదిరి పక్క. అక్కడ చెవికి ఉర్దూ తగులుతుంది గాని కన్నడం తగలదు. కన్నడం ఊళ్ళో పుట్టిన మనిషిని చేసుకున్నాను గాని, ఆమె మా ఇంట్లో తెలుగే. అత్తగారింట్లో నాతో అందరూ తెలుగే. నాకు వచ్చిన కన్నడం దుడ్డు, ఊట, బ్యాడ, అంటే డబ్బు, భోజనం, వద్దు. ఈ మూడింటితో ఇన్నేళ్ళు గడిచింది.

"తాతా, కనుమకి దోవ యాడ?" అన్నాను.

"ఎడక్కె," అన్నాడు.

యాడికి అని అడుగుతున్నాడనుకున్నాను. "కనుమకి తాతా. కనుమ దిగి ఆ పక్క పల్లెకు."

"అదే, ఎడక్కె."

"అదే చెప్తాండా కదా. కనుమకీ!" అని గట్టిగా అన్నాను. వినపడదేమో పాపం అనుకున్నాను. నాకే వినపడదని ఆయన అనుకున్నట్టున్నాడు, ఆయన కూడా గొంతు పెంచాడు.

"ఎడక్కె! ఎడక్కె తిరుగు!"

ఎక్కడికి తిరుగుతావురా అని తిడుతున్నాడనిపించింది. ఎండలో కొండల్లో సైకిలేసుకొని తిరిగేవాణ్ణి తిట్టడంలో తప్పేముంది? ఇక యాడ, యాడికి లేకుండా అడగాలని తెలివిగా ఒక్క మాటలోకి కుదించాను.

"కుడికా తాతా?"

ఆయన ముఖం వెలిగింది. "హూఁ, కుడి, కుడియప్పా," అంటూ గడ్డంతో కుడి వైపు చూపించాడు. అటు ఒక పొద, దాని పక్క నుంచి కుడి దారి. "కుడి, కుడి," అని మళ్ళీ అన్నాడు. నేను దండం పెట్టాను. ఆయన ఆగమన్నట్టు తల ఊపి, గొర్రెపిల్లను ఒక చంకకు మార్చుకొని, ఆ పొదకు తగిలించిన ప్లాస్టిక్ సీసా తీసి నా చేతికి ఇచ్చాడు. చల్లటి మజ్జిగ. దోవ చెప్పి, పైగా మజ్జిగ కూడా ఇచ్చాడు, ఎంత మంచి మనిషి అనుకుంటూ సగం తాగాను. నా నీళ్ల సీసా పోయింది కదా, అమృతంలా ఉండింది.

ఆమె ఒడినిండా సీతాఫలాలతో వచ్చేసరికి ముసలాయన గొర్రెల వెంట బండల వెనక్కి పోయాడు.

"దోవ అడిగినావా?"

"అడిగినా. కుడికి."

"ఎడమ అంటివే రాత్రి?"

"ఈడ పుట్టిన మనిషి చెప్పినాక నా లెక్కదేముంది?"

నేను లెక్కను వదిలి ఇంకొకరి మాట పట్టుకోవడం ఆమెకు కొత్త. వింతగా చూసి, కుడికి తిప్పింది.

దారి ఎంత బాగుందంటే తప్పు దారి అనే అనుమానం రాలేదు. మెల్లగా దిగుడు. రెండు పక్కలా గడ్డి నడుము ఎత్తున పూసి ఉంది. కాళ్ళు ఆపినా సైకిలు పోతూనే ఉంది. ఆమె పాట ఎత్తుకుంది. ఒక నెమలి మా ముందు రోడ్డు మీద పరిగెత్తి, ఇక లాభం లేదని ఎగిరింది. ఫ్యాన్ల కాళ్ళ మీద నెంబర్లు రాసి ఉంటాయి. అవి పెరగాలి. ముప్పై ఒకటి తర్వాత ముప్పై వచ్చింది, తర్వాత ఇరవై తొమ్మిది. పెయింటు వేసినవాడు తప్పు వేసి ఉంటాడనుకున్నాను. ఇరవై నాలుగు దగ్గర కూడా అలాగే అనుకున్నాను.

ఒక మలుపులో లోయ తెరుచుకుంది. కింద మల్బరీ తోటలు, పెంకుటిళ్ళు, ఒక మసీదు మినారు, నీళ్ల ట్యాంకు. ఆమె బ్రేకు వేసింది.

"ఏమయ్యా, అది మా ఊరు."

"మరి? వచ్చేసినాం కదా."

"మా ఊరికి ఈపు ఇది. పుట్టినాక ఎప్పుడూ ఈ పక్క నుంచి చూడలే నేను. కనుమ యాడ?"

కనుమ దూరంగా, కొండ ఆ చివర, ముంతగుండుతో సహా కనిపిస్తోంది.

"ఆ తాత ఏమన్నాడో చెప్పు. ఉన్నదున్నట్ల చెప్పు," అన్నది.

చెప్పాను. యాడికి యాడికి అని రెట్టించి అడిగాడన్నాను. "ఎడక్కె" దగ్గరే ఆమె పెదవి వణికింది. "కుడికా అని అడిగితే కుడి కుడి అన్నాడు, మజ్జిగ కూడా..." అన్నానో లేదో సైకిలు వదిలేసింది. రోడ్డు మీద కూర్చుంది. కూర్చొని, పొట్ట పట్టుకొని, గరుసు మీద పక్కకు ఒరిగింది. దెబ్బ తగిలిందేమోనని దగ్గరికి పోతే నవ్వుతోంది. ఊపిరాడకుండా, కళ్ళెమ్మట నీళ్ళు కారేలా.

"ఎడక్కె అంటే ఎడమకు అని! కుడి అంటే తాగు అని! నువ్వు తాగేదానికి ఇయ్యమని అడిగితివి, ఆయన తాగు తాగు అన్నాడు!"

కాసేపటికి నేనూ పక్కన కూర్చున్నాను. నవ్వు ఆగుతుంది, ఎవరో ఒకరం "కుడి" అంటాం, మళ్ళీ మొదలవుతుంది. సీతాఫలాలు ఒడిలోంచి దొర్లి పోయాయి. పోయినవాటిలో అవి కూడా.

కనుమ మీదుగా అయితే చీలిక నుంచి పల్లెకు ఏడు కిలోమీటర్లు కూడా లేదు. మేము తిరిగింది పద్నాలుగు. ఎండెక్కింది. పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

మా బావమరిది కనుమ కింద ఒక బోడి గట్టు మీద, ఫోన్ పైకి పట్టుకొని, వీడియో తీయడానికి సిద్ధంగా కొండ వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. వాడి వెనక నలుగురైదుగురు కూడా అటే చూస్తున్నారు. మేము ఊరి వెనక నుంచి వచ్చి, వాళ్ళ వీపుల దగ్గర ఆగాం. ఆమె గంట కొట్టింది. వాడు తిరగకుండానే "రేయ్, ఉండండ్రా, అడ్డం రావద్దండి, మా అక్క వస్తాది ఇప్పుడు," అన్నాడు. ఆమె మళ్ళీ కొట్టింది.

"యాడ నుంచి వచ్చినారు మీరు?" అన్నాడు తిరిగి చూసి, నోరు తెరిచి.

"ఎడక్కె నుంచి కాదు," అన్నది ఆమె. కథ విన్నాక వాడు నన్ను కావలించుకున్నాడు.

"బావా, ఇన్నేండ్లు మా ఇంట్లో అన్నం తిన్నావు. ఒక్క మాట నేర్చుకోలేదా బావా?"

"ఊట అంటే తెలుసు కదరా."

"అది తెలిస్తే చాల్లే మొగోనికి," అన్నది బావమరిది భార్య లోపలి నుంచి. "రా వదినా, కాళ్ళు చూడు ఎట్ల ఉండాయో. అన్నా, నువ్వు కూడా రా. కుడి పక్కనే వాకిలి."

సంగటి, పుండుకూర తినకుండా కదలనివ్వలేదు. బయటికి వచ్చేసరికి మూడు దాటింది. పడమర మబ్బు కట్టింది. రేపు పోదామని వాడన్నాడు. కాని రేపు వాడికి పట్టుపురుగులకు ఆకు వేసే పని. ఆమె మబ్బు వైపు చూసి, మరదలి చెప్పులు తొడుక్కొని, సైకిలును తీసుకుపోయి సరిగ్గా గడప ముందు నిలబెట్టింది.

"ఇప్పుడే," అన్నది.

గడప మీద కాలు పెట్టి ఎక్కింది. నేను పొట్టేలు మీద వెనక, వాడు మోటారు సైకిలు మీద పక్కన. ఊరు దాటేదాకా వాడు మాటలు ఆపలేదు. "అక్కా, ఇదే నేను చైను ఊడి పడిన చోటు. అక్కా, ఈడ కాపీ కొట్టేదానికి చీటీలు రాసుకుంటాంటిమి." ఆమె అన్నీ వింటోంది. తల తిప్పి చూడాల్సిన చోట చూస్తోంది. ఎక్కుడు మొదలయ్యాక వాడు కూడా మాటలు తగ్గించాడు.

ముంతగుండు దగ్గర నా ముందు చక్రం లేచి నేను దిగిపోయాను. దిగలేదని చెప్పుకోలేను. ఆమె దిగలేదు. చిన్న గేరు వేసి, ముందుకు వంగి, గరుసు మీద వెనక చక్రం జారినప్పుడల్లా ఎడమకో కుడికో ఒక మూర పక్కకు పోతూ, పాకింది. నడిచేవాళ్ళు దాటిపోయేంత నిదానంగా. "వొద్దులే అక్కా, దిగు, గుండె పట్టుకుంటాది," అని వాడు అరిచాడు. కాసేపటికి వాడే బండి ఆపి, దిగి, ఆమె పక్కన నడుస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ తెల్లరాయి దాకా," అనడం మొదలుపెట్టాడు. తెల్లరాయి దాటాక ఇంకో రాయి చెప్పాడు. శిఖరం మీద రోడ్డు చదునైన చోటికి ఆమె చేరేసరికి వాడికే ఆయాసం.

ఆమె ఆగలేదు. కాలు కింద పెట్టకూడదు కదా. ఆ చదును మీదే గుండ్రంగా తిరుగుతూ నా కోసం చూసింది. గిర్రున తిరుగుతూ, ముఖం ఎర్రగా, నవ్వుతూ. నేను తోసుకుంటూ చేరేసరికి నాలుగో చుట్టులో ఉంది. ముందున్నదంతా దిగుడు. కింద, చెట్ల మధ్య, బడి పెంకులు కనిపిస్తున్నాయి.

అప్పుడు వాన పడింది. మా సీమలో వానను ఎవరూ తిట్టరు. ముందు చినుకులు గరుసులో గుంటలు చేశాయి. మరుక్షణం ఎదురుగా మనిషి కనిపించలేదు. ఎర్రటి నీళ్ళు చక్రాల కింద నుంచి వాగులా పారాయి. దిగుడులో బ్రేకు పట్టే మాటే లేదు. ఆమె ఇంకో రెండు చుట్లు తిరిగి, కాలు కింద పెట్టింది. పెట్టి, చేతులు చాచి నిలబడింది. తమ్ముడు చొక్కా తీసి తల మీద కప్పుకొని, తీసి, ఎందుకులే అని మళ్ళీ తడిశాడు. "కుడి, కుడియప్పా," అని నేలతో చెబుతున్నాడు. ముగ్గురం శిఖరం మీద తడుస్తూ నవ్వాం.

ఆ సాయంత్రం మళ్ళీ పల్లెకు దిగాక, వాడు అన్నానికి కూర్చున్నప్పుడు మూతి మీద తెల్లగా ఒక గీత ఉంది. కూతుళ్ళు ఇద్దరూ ఎవరో కొత్తాయన వచ్చాడని తలుపు వెనక్కి పోయారు. వాడు ఇచ్చిన మాట కనుమ దాకానే. అది తీరింది.

ఆమెది తీరలేదు. ఆ వానకే శిఖరానికి అవతల, బడి వైపు దిగుడులో, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ కొట్టుకుపోయింది. రోడ్డు అక్కడ రెండు నిలువుల లోతున తెగింది. ఫ్యాన్ల వాళ్ళ జీపులు ఇంకో దారిన వస్తున్నాయి కాబట్టి బాగుచేసే తొందర ఎవరికీ లేదు. సైకిలు భుజాన వేసుకొని ఆ గండి దాటిస్తానని నేను రెండుసార్లు అడిగాను.

"మోసి దాటిస్తే పోయేదానికైతే చిన్నప్పుడే పోయుందును," అన్నది.

అందుకని నెలకోసారి పోతాం. ఆమె గడప దగ్గర ఎక్కుతుంది, ముంతగుండు దగ్గర దిగదు, శిఖరం మీద గుండ్రంగా తిరిగి కిందికి చూస్తుంది. మోరీ దగ్గర ఇప్పుడు కంకర కుప్పలు దించారని మొన్న బావమరిది ఫోన్ చేశాడు. పదకొండులో శిఖరం దాకా అయిదు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు తొక్కింది. గేటు ఏ రంగో ఇంకా చూడలేదు. మిగిలింది అయిదు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు.